కొండచిలువకు పుట్టింటివాళ్ళం

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ విందుల్లో అంకెలు చెప్పుకోవడం మర్యాద. ఇంటి అప్పు మీద వడ్డీ ఎంత, గ్రీన్ కార్డు వరసలో మన తేదీ ఎక్కడ, పిల్లలకి మార్కులెన్ని. ప్లేనోలో ఒకరింట్లో బిర్యానీ పళ్ళెంతో నిలబడి ఉండగా ఎవరో పెద్దమనిషి "ఏమిటి విశేషాలు?" అన్నాడు. "1,420కి వచ్చిందండీ. 1,500 దాటితే ఇంక దిగులుండదు" అన్నాను. ఆయన భుజం తట్టాడు. "ఇంకోసారి రాయించండి, దాటేస్తుంది. మావాడికీ లెక్కల్లోనే పోయాయి" అన్నాడు. నేను చెప్పినవి ఎస్ఏటీ మార్కులు కావనీ, మా పెంపుడు కొండచిలువ గ్రాములనీ విడమరిచే లోపే మంచి ట్యూషన్ మాస్టారి నంబరు కూడా ఇచ్చేశాడు. బుద్ధిగా రాసుకున్నాను.

కారెక్కాక మా ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "మన అమ్మాయి ఎంత బరువుందో తెలుసా మీకు?"

తెలీదు. పాముదైతే, పోయిన ఆదివారం పొద్దున ఎంత, దొడ్డికెళ్ళాక ఎంత, రెండూ విడివిడిగా చెప్పగలను.

ఆ పాము మా అమ్మాయిదే. ఆర్లింగ్టన్‌లో జరిగే సరీసృపాల ప్రదర్శనలో, పుట్టినరోజులకి వచ్చిన డబ్బులు కూడబెట్టి కొనుక్కుంది. అన్ని పనులూ తనే చేస్తానని కాగితం మీద రాసి సంతకం పెట్టింది. తర్వాత హైస్కూల్లో చేరింది, వక్తృత్వ పోటీలొచ్చాయి, స్నేహితులొచ్చారు. పాము నాకొచ్చింది. దాని అసలు పేరు నట్‌మెగ్. మా అమ్మ వీడియో కాల్లో అర్థం అడిగి, జాజికాయా అని, రెండో రోజుకల్లా జాజి చేసేసింది.

జాతి బాల్ పైథాన్. సొంతూరు పశ్చిమాఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల వైపు గడ్డిభూముల్లో, ఎలుక బొరియల్లో ఉంటుంది. విషం లేదు. భయం వేస్తే తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకుపోతుంది, అందుకే ఆ పేరు. ఇంగ్లండువాళ్ళు రాయల్ పైథాన్ అని గౌరవంగా పిలుస్తారు. ఆడది నాలుగైదు అడుగులకి మించదు. బతికితే ఇరవై ముప్ఫయ్యేళ్ళు బతుకుతుంది, అంటే మా ఇంటి అప్పు తీరేదాకా ఉంటుంది.

ఈ పాముల చేత ఇళ్ళల్లో పిల్లలు పెట్టించడం అమెరికాలో పెద్ద వ్యాపకం. రంగుల పిచ్చి. 1992లో బాబ్ క్లార్క్ అనే ఆయన తెల్లపసుపు ఆల్బినో బాల్ పైథాన్‌ను తన దగ్గరే పుట్టించాక మొదలైన వెర్రి ఇప్పటిదాకా తగ్గలేదు. మా జాజి మామూలు గోధుమ నలుపు. దాని పిల్లలమ్మి ఎవరూ మేడలు కట్టలేరు. అయినా "ఒక్కసారి గుడ్లు పెట్టిద్దాం నాన్నా, సైన్సు ప్రాజెక్టుకి పనికొస్తుంది" అంది మా అమ్మాయి. సైన్సు అనగానే నేను ఎక్సెల్ తెరిచాను. ఏ సమస్యకైనా నేను చేసే మొదటి పని అదే. చాలాసార్లు ఆఖరి పని కూడా అదే.

పెంపకందార్ల లెక్క ప్రకారం ఆడపాముని జత కట్టించాలంటే కనీసం 1,500 గ్రాములుండాలి, మూడేళ్ళు నిండాలి. మగపాముకైతే ఏడాదో ఏడాదిన్నరో, ఓ 600, 700 గ్రాములో ఉంటే చాలు. మగవాడికి అర్హతలు తక్కువ అన్న సంగతిలో ఆఫ్రికాకీ ఆంధ్రాకీ తేడా కనపడలేదు నాకు.

ఆడదానికి ఇంత బరువెందుకు అంటే, గుడ్డులోని పచ్చసొనంతా దాని ఒంటి కొవ్వులోంచే రావాలి. గర్భంతో ఉన్నన్నాళ్ళూ అది దాదాపు ఏమీ తినదు. అడవిలో అయితే గుడ్లు పెట్టాక కూడా రెండు నెలలు వాటిని చుట్టుకుని పస్తుంటుంది. రోజూ సంపాదించి రోజూ ఖర్చుపెట్టే సంసారం కాదు దానిది. ముందు కూడబెట్టాలి, తర్వాతే ఖర్చు. అందుకే జీవశాస్త్రం ఇలాంటి జంతువుల్ని పెట్టుబడిదార్ల కింద లెక్కేస్తుంది. పశ్చిమ ఫ్రాన్సులో ఆస్ప్ వైపర్ అనే పాముల మీద గ్జావియే బొనే, రిచర్డ్ షైన్ వంటివాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేసి తేల్చిందిదే. ఒంట్లో నిల్వ ఒక గీత దాటేదాకా ఆడపాము ఆ ఏడు గర్భం జోలికి పోదు. గీత దాటడానికి రెండేళ్ళు పట్టనీ, మూడేళ్ళు పట్టనీ, అది ఆగుతుంది.

పాము ఆగుతుంది. ఆగలేనిది నేను.

ఎదిగిన బాల్ పైథాన్‌కి దాని బరువులో ఇరవయ్యో వంతు ఉండే ఎలుక, పది పద్నాలుగు రోజులకొకటి చాలు. 1,400 గ్రాముల జాజికి 70 గ్రాముల ఎలుక. ఈ వాక్యం చదివినప్పుడు నాకు కలిగిన బాధ చెప్పలేను. కనబోయే ఆడపిల్లకి రెండు వారాలకో పూట తిండా? మా ఇళ్ళల్లో కడుపుతో ఉన్న పిల్ల పుట్టింటికొస్తే గుమ్మంలోనే అరిసె చేతిలో పెడతారు. చలిమిడి పెట్టి, పాలకోవా పెట్టి, ఇద్దరి కోసం తినమని, ముగ్గురికి సరిపడా వడ్డిస్తారు. నేను ఆ ఇంటి బిడ్డని. వారానికో ఎలుక ఇస్తే తప్పేమిటి? నాలుగు రోజులకొకటి?

తప్పే. అలా కుక్కి కుక్కి రెండేళ్ళకే 1,500 చేర్చేవాళ్ళు ఈ వ్యాపకంలో ఉన్నారు. త్రాసు ఒప్పుకుంటుంది, ఒళ్ళు ఒప్పుకోదు. పాము కొవ్వు పట్టడం మనుషుల్లో కనపడినంత తేలిగ్గా కనపడదు. తోక మొదట్లో మడతలు పడతాయి, ఒళ్ళు వంచినప్పుడు పొలుసుల మధ్య చర్మం కనిపిస్తుంది, వీపు మధ్య ఉండాల్సిన కాస్త ఎత్తు కూడా పోయి గుండ్రమైపోతుంది. లోపల కాలేయానికి కొవ్వు పడుతుంది. కొవ్వెక్కిన పాముకి గుడ్లు లోపలే ఇరుక్కుపోయే ప్రమాదం ఎక్కువ. ఆపరేషన్ దాకా పోవచ్చు, ప్రాణం దాకా పోవచ్చు. కాబట్టి చూడాల్సింది గ్రాములొక్కటే కాదు, వయసు, ఆకారం, కండ. 1,500 అన్నది గేటు మాత్రమే.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. అయినా ఎక్సెల్‌లో గీత పైకి పోతుంటే కలిగే ఆనందం వేరు. తేదీ, ఎలుక బరువు, పాము బరువు, కుబుసం, విసర్జన, ఐదు వరసలు. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో జాజిని పెట్టి, డబ్బా బరువు ముందే తీసేసి, వంటింటి త్రాసు మీద తూచేవాణ్ణి. ఆ త్రాసు మీదే మా ఆవిడ కేకుల మైదా తూచేదని తెలిసిన రోజున నాకొక కొత్త త్రాసు బహుమతిగా వచ్చింది. దాన్ని వంటింటి గుమ్మం దాటించకూడదన్న షరతుతో. అన్నిటికంటే చేదు రోజులు విసర్జన రోజులు. నెల రోజుల కష్టం ఒక్క పొద్దున్న 60 గ్రాములు పడిపోయేది. భోజనాల దగ్గర ముఖం వేలాడేసుకుని కూర్చుంటే మా అమ్మాయి "ఏమైంది నాన్నా, ఆఫీసులో ఏమైనా..." అని కంగారుపడింది. "దొడ్డికెళ్ళిందమ్మా" అన్నాను. తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

ఎలుకలు ఫ్రీజర్‌లో ఉంటాయి. గడ్డకట్టినవి, సైజుల వారీగా సంచుల్లో అమ్ముతారు. బతికున్న ఎలుకని వేస్తే అది పాముని కొరికి గాయం చేయొచ్చు, అందుకని చచ్చినవే మేలు. మొదట్లో ఆ సంచి ఇంట్లో ఫ్రీజర్‌లో, గోంగూరకీ కొబ్బరికోరుకీ మధ్య ఉండేది. ఆ కాపురం ఒక్క సాయంత్రమే సాగింది. ఇప్పుడు గరాజ్‌లో రెండో ఫ్రిజ్ ఉంది. వచ్చిన చుట్టాలు అందులో కోకాకోలా ఉంటుందనుకుని వెళ్తారు. వెళ్ళి, మంచినీళ్ళు చాలంటారు.

ముందు రోజు రాత్రి ఎలుకని కింది అరలోకి మార్చి, మర్నాడు జిప్ సంచిలో పెట్టి వేణ్ణీళ్ళలో ఓలలాడించాలి. బతికున్నదాని ఒంటివేడి, సుమారు 100 డిగ్రీల ఫారన్‌హీట్, వస్తేగానీ జాజి పై పెదవి మీదున్న వేడి తెలిసే గుంటలకి అది తిండి అని తెలీదు. అప్పుడు పొడుగాటి పట్టకారుతో పట్టుకుని, దాని ముందు నాట్యం చేయించాలి. ఎలుకతో. ఒక చలికాలం జాజి తల తిప్పుకుంది. బాల్ పైథాన్లు చలికాలంలో వారాలు, నెలలు కూడా తినకుండా ఉండటం మామూలు. ఆరోగ్యంగా ఉండి, బరువు పెద్దగా తగ్గకపోతే వదిలేయాలి. నేను వదల్లేదు. ఎలుకని ఇటు ఊపాను, అటు ఊపాను. "నా బంగారు తల్లి కదూ, ఒక్కటి, ఇదొక్కటీ తినేస్తే ఇంక అడగను" అంటున్నాను. వెనక గుమ్మంలో మా ఆవిడ బట్టల బుట్టతో నిలబడి ఉంది.

"నాకు వేవిళ్ళప్పుడు ఇందులో సగం బతిమాలి ఉంటే, మీ వంశం గురించి నా అభిప్రాయం ఇంకోలా ఉండేది" అంది.

అదే సమయంలో నా రక్తపరీక్ష వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు 280. డాక్టరు అన్నం మానమన్నాడు, మా ఆవిడ అమలు బాధ్యత తీసుకుంది. పాముకి పెంచడం, మగడికి తగ్గించడం, రెండు ఉద్యమాలూ ఒకే కప్పు కింద. నేనూరుకోలేక చదివాను. 2011లో కొలరాడో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో రాశారు: బర్మా కొండచిలువ ఒక భోజనం చేస్తే దాని రక్తంలో ట్రైగ్లిజరైడ్లు యాభై రెట్లకు పైగా పెరుగుతాయి. గుండెలో ఏ కొవ్వూ పేరుకోదు, పైగా గుండె కండరం పెరుగుతుంది. ఇది మా ఆవిడకి చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "అయితే మీరు కూడా రెండు వారాలకోసారి తినండి" అని నా ముందు కీరా ముక్కల గిన్నె పెట్టింది.

అక్టోబరులో మా అమ్మ తెనాలి నుంచి దిగింది. ఆరు నెలల వీసా, రెండు పెట్టెల పచ్చళ్ళు. పాముని ఫోన్లో ముద్దుగా పిలవడం వేరు, ఒకే ఇంట్లో ఉండటం వేరు. మొదటి వారం ఆ గది వైపు రాలేదు. రెండో వారం గుమ్మం బయటి నుంచి "ఇవాళేమైనా తిందిరా?" అని అడిగింది. ఆ ప్రశ్నతో నాకు తెలిసిపోయింది, మా అమ్మ లోపలికొచ్చేసిందని. ఆవిడ తిండి గురించి అడక్కుండా ఉండగలిగిన ప్రాణి భూమ్మీద లేదు.

నాగుల చవితి వచ్చింది. టెక్సాస్‌లో పుట్టలకి కొదవలేదుగానీ అవి ఫైర్ యాంట్స్ అనే ఎర్రచీమలవి. మా పెరట్లో ఉన్నదాంట్లో పాలు పోస్తే అవి పాదం నుంచి మోకాలి దాకా కృతజ్ఞత చూపిస్తాయి. ఆ సంగతి వివరించి అమ్మని ఆపాను. ఆవిడ చిమ్మిలి, చలిమిడి, వడపప్పు పళ్ళెంలో పెట్టుకుని నేరుగా జాజి గదికి వచ్చింది. చేతిలో గ్లాసుడు పాలు.

"అమ్మా, పాములు పాలు తాగవు. అరిగించుకోలేవు. పోస్తే జబ్బు చేస్తుంది."

"నువ్వు మాత్రం తాగావా? ముక్కు మూసి పోసేదాన్ని. ఏం జబ్బు చేసింది?"

నాకు పాలు పడవని డాక్టరు చెప్పింది నలభయ్యేళ్ళప్పుడు. ఆ విషయం అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు. ఆ రోజు కూడా చెప్పలేదు. పాలు జాజి ఉండే టబ్బు ముందు కాసేపు ఉంచి, ప్రసాదమని నా చేతికే ఇచ్చింది. తాగాను. జాజి చుట్ట చుట్టుకుని చూస్తూ ఉంది. మా ఇంట్లో వద్దన్నదాన్ని తినకుండా తప్పించుకోగలిగిన మొదటి ఆడది అదే. దాన్ని చూస్తే నాకు కొంచెం అసూయ వేసిందని ఒప్పుకోవాలి.

తిండి పెట్టేవాడి జబ్బు వేరే ఉంటుందని నాకు అప్పుడే కాస్త తెలిసింది. ఎదుటివాళ్ళ ఆకలితో దానికి సంబంధం లేదు. పెట్టాను అనుకోవడంలో ఉన్న హాయి కోసం పెడతాం. మనుషులు మొహమాటానికి తింటారు కాబట్టి ఈ జబ్బు బయటపడదు. పాముకి మొహమాటం లేదు. అక్కర్లేకపోతే ఎంత వేడి ఎలుకనైనా ముక్కు ముందు నుంచి నెట్టేస్తుంది, నీ బంగారు తల్లి మాటలన్నీ నీ దగ్గరే ఉంచుకోమంటుంది.

ఆ నెల్లోనే 1,560 చూపించింది. వయసు చాలింది, ఆకారం బావుంది, తోక దగ్గర మడతల్లేవు. మగపాముని కొనలేదు. ఇంకో పెంపకందారు దగ్గర అరువు తెచ్చుకున్నాం, పుట్టిన పిల్లల్లో సగం వాళ్ళకిచ్చే ఒప్పందం మీద. వేసవిలోనే తెచ్చి, జబ్బులేమీ లేవని తేలేదాకా రెండు నెలలకు పైగా వేరే గదిలో ఉంచాం. 740 గ్రాములు. జాజిలో సగం లేడు. పైగా ఈ రోజుల్లో మగవి తిండి మానేసి తిరుగుతుంటాయి, అవి చిక్కిపోకుండా చూసుకోవాలి. నాకు వాడి మీద మొదటి చూపులోనే సానుభూతి కలిగింది. కలిపి రెండు మూడు రోజులు ఉంచడం, విడదీసి జాజికి తిండి పెట్టడం, మళ్ళీ కలపడం. చలికాలమంతా ఇదే పని. మా అమ్మ ఆ గది తలుపు దగ్గరకి వేస్తూ, "పొద్దస్తమానం తొంగిచూడకురా, సిగ్గులేదూ" అని నన్ను కోప్పడేది.

సంక్రాంతి దాకా జాజి అడక్కముందే ఎలుకని లాక్కుంది. లోపల గుడ్లకి మూలాలైన ఫాలికల్స్ పెరుగుతున్నప్పుడు ఆకలి అలా రేగుతుందట. నా జీవితంలో అంత తృప్తిగా గడిచిన రెండు నెలలు లేవు. తర్వాత ఉన్నట్టుండి మానేసింది. నీళ్ళగిన్నెని చుట్టుకుని పడుకోవడం, పొట్ట పైకి పెట్టి వెల్లకిలా తిరగడం, ఒంటి రంగు లేతబడటం. అన్నీ శుభలక్షణాలే, చదివినవే. నేను మాత్రం ఎలుక పట్టకారుతో గదిలో తిరుగుతూనే ఉన్నాను.

"కడుపుతో ఉన్నది వద్దంటే ఊరుకోవాలిరా" అంది అమ్మ. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకు అన్నం వాసనే గిట్టేది కాదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. "మరి నా విషయంలో ఈ మాట ఎవరూ అనలేదేం అత్తయ్యగారూ?" అంది మా ఆవిడ. అమ్మ వెంటనే విష్ణుసహస్రనామం మొదలుపెట్టింది, మధ్యలోంచి.

మార్చిలో ఒక రోజు జాజి నడుము దగ్గర ఒళ్ళంతా ఉబ్బిపోయింది. మర్నాటికి తగ్గింది. అది అండాలు విడుదలైన గుర్తు. మూడు వారాలకి కుబుసం విడిచింది, ఆ లెక్కన ఇంకో నెలకి గుడ్లు. 1,790 గ్రాములు. ఏప్రిల్లో అమ్మ వీసా గడువు ముగిసింది. పురుడు చూడకుండానే వెళ్తున్నానని విమానాశ్రయంలో కళ్ళు తుడుచుకుంది. పక్కనున్న గుజరాతీ ఆవిడ మా ఆవిడ పొట్ట వైపు చూసి అభినందించింది. ఆ రాత్రి నాతో ఎవరూ మాట్లాడలేదు.

మే నెలలో తెల్లారుజామున ఆరు గుడ్లు పెట్టింది. తోలులా మెత్తగా, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. చుట్టుకుని కూర్చున్న తల్లిని మెల్లగా విప్పి, గుడ్లు దొర్లకుండా ఎలా ఉన్నవాటిని అలాగే ఇంక్యుబేటర్‌లోకి మార్చాం. 89 డిగ్రీల ఫారన్‌హీట్, యాభై అయిదు నుంచి అరవై రోజులు. మా ఆవిడ ఈ వ్యవహారంలో మొదటిసారి ఆసక్తి చూపించింది. పెట్టె చుట్టూ తిరిగి, థర్మోస్టాట్ చూసి, "ఇందులో ఇడ్లీపిండి బ్రహ్మాండంగా పులుస్తుంది. ఇవి పొదగ్గానే కడిగి నాకివ్వండి" అంది.

జాజిని తూచాను. 1,160. ఆరు వందల ముప్ఫై గ్రాములు ఒక్క పూటలో. పోగేసినదంతా ఖర్చు. వీపు మధ్య ఎముక చేతికి తెలుస్తోంది. ఎక్సెల్ గీత కొండ మీంచి దూకేసింది. టబ్బులో కాగితాలన్నీ మార్చి, జాజికి గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయించాను. ఒంటికి గుడ్ల వాసన ఉంటే ఇంకా పొదుగుతున్నాననుకుని తిండి ముట్టదు. అప్పుడే తెనాలి నుంచి వీడియో కాల్ వచ్చింది.

"ఏం చేస్తున్నావురా?"

"నీళ్ళు పోస్తున్నానమ్మా."

"ఇవాళేనా! పురిటిస్నానం పదకొండో రోజుకదరా. బాలింతకి గాలి కొడుతుంది, ఆ ఫ్యాను కట్టెయ్. ఏం పెట్టావు?"

"చిన్న ఎలుక. నలభై గ్రాములది. ముందు కొద్దికొద్దిగా పెట్టాలట."

"అదీ, అది పథ్యమంటే" అంది అమ్మ. చాలా ఏళ్ళకి నేనేదో సవ్యంగా చేసినట్టు చూసింది. "మళ్ళీ కాన్పు మాత్రం రెండు మూడేళ్ళు ఎడం పెట్టు. ఒళ్ళు పుంజుకోవాలి." ఫ్రాన్సులో అన్నేళ్ళు పాముల వెంట తిరిగినవాళ్ళు తేల్చిన మాట, తెనాలిలో వరండాలో కూర్చుని చెప్పేసింది. "అల్లుడేడీ? ఏమైనా తింటున్నాడా వాడు?"

"వాణ్ణి వాళ్ళింటికి పంపేశాం."

"వట్టి చేతుల్తోనా?"

"కాదమ్మా. ఒప్పందం ఉంది. పిల్లల్లో సగం వాళ్ళకే."

అమ్మ ముఖం తెరకి ఇంకా దగ్గరగా వచ్చింది. "మేపింది మనం, పురుడు పోసింది మనం, పిల్లలు వాళ్ళకా? ఇదెక్కడి న్యాయంరా!"

గుమ్మంలోంచి మా ఆవిడ అంది, ఇడ్లీపిండి గిన్నె నడుముకి ఆనించుకుని: "మనింట్లో ఉన్న న్యాయమే అత్తయ్యగారూ. అమ్మాయికి నా ఇంటిపేరు పెట్టారేంటి?"

తెనాలిలో సిగ్నల్ పోయింది. లేదా అమ్మే పెట్టేసింది.